కుట్టు విప్పిన పుస్తకాలు: డికిన్‌సన్ కాగితాల పని ఎంతవరకు వచ్చిందంటే

మార్చిలో మొదలుపెట్టాను. పని రెండు ముక్కలు. ఒకటి, ఎమిలీ డికిన్‌సన్ చేత్తో కుట్టుకున్న పద్యాల పుస్తకాల్లో ఒకదానికి నమూనా నేనూ చేత్తోనే తయారుచేయడం. రెండోది, ఆమె ఎవరెవరికి ఉత్తరాలు రాసింది, ఆ ఉత్తరాలు ఏమయ్యాయి అన్నది ఎక్సెల్ షీట్‌లో ఎక్కించడం. ఆదివారం భోజనాలయ్యాక రెండు గంటలు, అంతే. ఇవాళ్టికి లెక్క ఇది: ఒక పుస్తకం పాడైంది, ఒకటి బాగా వచ్చింది, మూడోది సగంలో ఉంది. షీట్‌లో 23 పేర్లు.

ఆమె ఎవరో తెలియనివాళ్ళకి రెండు మాటలు. 1830లో అమెరికాలోని మసాచుసెట్స్‌లో, ఏమ్‌హెర్స్ట్ అనే ఊళ్ళో పుట్టింది. 1886లో ఆ ఊళ్ళోనే పోయింది. దాదాపు 1,800 పద్యాలు రాస్తే బతికుండగా అచ్చయినవి డజను కూడా లేవు. పోయాక చెల్లెలు లవీనియా, అక్క కోరిక ప్రకారం ఆమెకి వచ్చిన ఉత్తరాలని చాలావరకు తగలబెట్టేసింది. పద్యాలు మాత్రం ఉంచింది. అందులో 40 కుట్టు పుస్తకాలున్నాయి, వాటిలోనే 800కి పైగా పద్యాలు.

ఏప్రిల్: పాడైన పుస్తకం

క్రీమ్ కలర్ 90 జీఎస్ఎమ్ కాగితం తెచ్చాను. ఎ4ని మధ్యకి మడిస్తే నాలుగు పేజీలు. కొలత అచ్చంగా కలవాలని పట్టుబట్టలేదు. ఐదు కాగితాలు మడిచి, స్కూలు నోట్‌బుక్‌లాగా ఒకదాని లోపల ఒకటి పెట్టి, మడతలో దబ్బనంతో పొడిచి కుట్టేశాను. చూడ్డానికి ముద్దుగానే ఉంది. తీరా పద్యాలు ఎక్కించబోతే ఒక్క పేజీ వరుసా కలవదు. మొదటి కాగితంలో సగం ముందుకి, సగం ఆఖరికి పోయింది.

ఆమె అలా కుట్టలేదు. మడిచిన కాగితాలని ఒకదాని మీద ఒకటి పేర్చి, మడత పక్కన రెండు చిల్లులు పొడిచి, దారం దూర్చి ముడేసింది. మన ఆఫీసు ఫైల్లో ట్యాగు వేసినట్టు. పైగా ముందు రాసుకుంది, తరవాతే కుట్టింది. ఇది చదివి తెలుసుకున్న సంగతే, అయినా చేతికి తెలియలేదు. కుట్టాక రాయాలంటే మడత దగ్గర పెన్ను తిరగదు, అక్షరాలు కొండెక్కినట్టు పైకి పోతాయి.

రెండోసారికి మార్చుకున్నవి ఇవి. దబ్బనం లావు, దాని చిల్లుకి కాగితం చిరుగుతోంది, అందుకని బొంతలు కుట్టే సూది తీసుకున్నాను. దారానికి కొవ్వొత్తి రుద్దాను, ముడి జారదు. కాగితాలు కదలకుండా రెండు వైపులా బైండర్ క్లిప్పులు. మడతకి అర సెంటీమీటరు దూరంలో, ఒకదానికొకటి ఐదు సెంటీమీటర్ల ఎడంగా చిల్లులు. మొత్తం ఖర్చు రెండు వందల లోపే.

జూన్: చేతిరాత

అసలు కాగితాల ఫొటోలు 2013 నుంచి ఆన్‌లైన్‌లో చూసే వీలుంది. ల్యాప్‌టాప్ తెర మీద పెద్దది చేసుకుని, పక్కన రూళ్ళ పుస్తకంలో పెన్సిల్‌తో దించుకుంటున్నాను. అచ్చు పుస్తకం ముందు చూడకూడదని నియమం పెట్టుకున్నాను. చూస్తే కన్ను అక్కడ ఉన్నది చదవదు, తెలిసినదే చదువుతుంది.

మొదట్లో ఆమె రాత వాలుగా, గొలుసుగా ఉంటుంది. వయసు పెరిగేకొద్దీ అక్షరాలు ఒకదాన్నొకటి వదిలేస్తాయి, చివరి కాలానికి ఏ అక్షరానికి ఆ అక్షరం విడిగా నిలబడుతుంది. హిగ్గిన్‌సన్ అనే రచయిత, ఆమె ఉత్తరాలు రాసినవాళ్ళలో ఒకాయన, ఈ రాత చూసి, ఆ ఊరి కాలేజీ మ్యూజియంలో రాతి మీదున్న పక్షుల అడుగుల్ని చూసి నేర్చుకుందేమో అన్నాడు. ఆ అడుగులు పక్షులవి కావు, డైనోసార్లవి, అది తరవాత తేలింది.

కష్టమంతా కూడిక గుర్తుల దగ్గర వచ్చింది. ఒక మాట మీద చిన్న కూడిక గుర్తు వేసి, పేజీ అడుగున దానికి బదులు ఇంకో మాటో, మూడు మాటలో రాస్తుంది. ఏది ఖాయమో చెప్పదు, కొట్టివేయదు. మొదట్లో నేను ఒకటి ఎంచుకుని రాసేసేవాణ్ణి. రెండు వారాల తరవాత సిగ్గేసి అవన్నీ చెరిపి, ఆమె లాగే అడుగున రాస్తున్నాను.

విడి కాగితాలైతే ఇంకో లోకం. కవరు చించి, తిప్పి, ఆ ముక్క మీద పద్యం. చాక్లెట్ చుట్టిన కాగితం మీద పద్యం. కొబ్బరి కేక్ ఎలా చేయాలో రాసుకున్న కాగితం వెనక ఇంకోటి. అది తెర మీద చూపిస్తే మా అమ్మ, "నేను పాల లెక్క పెళ్ళికార్డు వెనక రాస్తే మాత్రం తిడతావు" అంది.

జూలై, ఆగస్టు: మనుషుల షీట్

నాలుగు గళ్ళు: పేరు, ఊరు, బంధం, కాగితం ఏమైంది. భద్రంగా ఉంటే ఆకుపచ్చ, పోతే ఎరుపు, సగంసగమైతే పసుపు. రంగులు వేశాక నాకు కనిపించింది ఇది: ఎంత దగ్గరివాళ్ళైతే కాగితానికి అంత దెబ్బ.

హిగ్గిన్‌సన్ వరస అంతా ఆకుపచ్చ. 1862 ఏప్రిల్ 15న ఆమె మొదటి ఉత్తరం రాసింది, నా పద్యంలో ప్రాణం ఉందా చెప్పగలరా అని. కింద సంతకం లేదు, పేరు ఇంకో చిన్న కవర్లో కార్డు మీద ఉంది. అప్పటికి ముక్కూమొహం తెలియని మనిషి. తనకి వచ్చిన ఉత్తరాలు దాచుకున్నాడు, అవి ఇప్పుడు బోస్టన్ పబ్లిక్ లైబ్రరీలో ఉన్నాయి. 1870 ఆగస్టులో ఇంటికొస్తే రెండు లిల్లీ పూలు చేతిలో పెట్టి, ఇదే నా పరిచయం అందట. నా నరాల సత్తువ ఇంతగా లాగేసిన మనిషిని ఇంకెక్కడా చూడలేదని ఆయన భార్యకి రాశాడు.

ఇక దగ్గరివాళ్ళు. పిన్ని కూతుళ్ళు లూయీసా, ఫ్రాన్సిస్ నార్‌క్రాస్ ఆమెకి ప్రాణం. ఉత్తరాలు చేయి దాటనివ్వలేదు, ఎవరూ చూడకూడదనుకున్నవి వదిలేసి నకళ్ళు రాసి పంపారు. అసలువి మిగల్లేదు. ఎరుపు. ఆఖరి ఏళ్ళలో మనసిచ్చిన జడ్జి ఓటిస్ లార్డ్‌కి పంపిన ఉత్తరాలు లేవు, ఆమె దగ్గర ఉండిపోయిన చిత్తు ప్రతులున్నాయి. ఫిలడెల్ఫియా పాస్టర్ చార్లెస్ వాడ్స్‌వర్త్ రాసింది ఒక్కటి దొరికింది, అందులో ఆమె ఇంటిపేరే తప్పు.

అన్నిటికన్నా తంటా వదిన సూజన్ వరస. 1856లో అన్న ఆస్టిన్‌ని పెళ్ళిచేసుకుని పక్కింట్లోనే కాపురం పెట్టింది. 250కి పైగా పద్యాలు ఈ వదినకి అందాయి. అయితే ఎమిలీ అన్నకి రాసిన పాత ఉత్తరాల్లో సూజన్ ప్రస్తావన వచ్చినచోట గీకేశారు. నాకు ఇంట్లో ఒక అక్కచెల్లెలు, కంచె అవతల ఇంకొకరు అని సూజన్‌ని తలుచుకున్న పద్యం ఒక కుట్టు పుస్తకంలో ఉంది. దాని మీద గీత గీతకీ సిరా పూసేశారు. ఆ పేజీ నకలు తీసిన రోజు మళ్ళీ పని ముట్టలేదు. అదృష్టం బాగుండి సూజన్ దగ్గర ఇంకో ప్రతి ఉంది, ఆ పద్యం బతికింది.

వెనక కథ ఇంటి గొడవే. ఆస్టిన్‌కి మేబుల్ లూమిస్ టాడ్ అనే ఆవిడతో సంబంధం. లవీనియా పద్యాల కట్ట ఇచ్చి నకలు తీయమన్నది ఆవిడకే. టాడ్, హిగ్గిన్‌సన్ కలిసి 1890లో మొదటి పుస్తకం తెచ్చారు. ఆస్టిన్ పోయాక ఒక చెక్క భూమి మీద టాడ్‌కీ లవీనియాకీ కోర్టు కేసు, 1898లో లవీనియా గెలిచింది. టాడ్ తన దగ్గరున్న కాగితాల్ని కర్పూరం చెక్క పెట్టెలో పెట్టి తాళం వేసింది, మూడు దశాబ్దాలు తీయలేదు. మన పక్క అన్నదమ్ముల పంపకాల్లో తాళపత్రాలు సగంసగం అయినట్టే. సూజన్ కూతురి వైపు కాగితాలు 1950లో హార్వర్డ్‌కి, టాడ్ కూతురి వైపువి 1956లో ఏమ్‌హెర్స్ట్ కాలేజీకి చేరాయి. అందుకే షీట్‌లో ఐదో గడి పెట్టాల్సివచ్చింది: ఏ ఇంటిది.

ఇప్పుడు

తొలి రోజుల్లోనే ఆ పుస్తకాల దారాలు కోసేసి కాగితాలు కలిపేశారు. ఫ్రాంక్లిన్ అనే పండితుడు సూది చిల్లులు, మరకలు, ఎదుటి పేజీకి అంటిన సిరా చూసి వరస తిరిగి పట్టుకుని 1981లో ఫొటోలతో వేశాడు. అది నా చేతనవుతుందా అని మూడో పుస్తకం. ఆరు కాగితాలు కుట్టి, నెల రోజులు బరువు కింద ఉంచి, దారం కోసి, కలిపేసి, చిల్లుల్ని బట్టి వరస పెట్టాలి. ఈసారి చిల్లులు కొలిచి పొడవడం మానేశాను. అన్నీ ఒకే చోట పడితే పట్టుకోవడానికి ఏమీ ఉండదు కదా.

"కోయడానికేనా ఇంత కుట్టడం?" అంది అమ్మ, సూది అందిస్తూ.