మైకు పెట్టి అడిగితే

పొద్దున ఓటెవరికని అడుగుతూ తగిలిన ఆ ఛానెల్ మైకు కుర్రాడి మీద చిరాకు ఇంకా దిగలేదు. ఆయనతో చెబితే "వదిలెయ్యవే" అని అటు తిరిగి పడుకున్నారు. అందుకే మీకు చెబుతున్నా.

"మేడమ్, ఈసారి గాలి ఎటుంది?" అంటూ మైకు గడ్డానికి ఆనించేశాడు. దాని నురగ తొడుగు ఒకచోట చిరిగి లోపలి జాలీ కనబడుతోంది. చుట్టూ జనం, అందులో ఇద్దరి మెడలో కండువాలు. నేను నోరు తెరిచేలోగా వెనకనించి ఒకాయన "ఇంకెవరికి, మాకే!" అన్నాడు. అందరూ నవ్వారు. "భయపడకుండా చెప్పండి మేడమ్" అని వీడు. నాకు భయమట! బస్సు టైమైందని తప్పుకున్నా.

బస్సు రాలేదు గనక వాణ్ణే చూస్తూ నిలబడ్డా. తీరిగ్గా ఉన్నవాళ్లనీ, నోరున్నవాళ్లనీ ఆపుతున్నాడు. చెత్తబండి తోసుకెళ్తున్నతని వైపు చూడనైనా లేదు. సాయంత్రానికి ఇదే 'ప్రజల నాడి' అయిపోతుంది. 1936లో అమెరికా అధ్యక్ష ఎన్నికలప్పుడు లిటరరీ డైజెస్ట్ పత్రిక ఓటెవరికని అడుగుతూ కోటిమంది దాకా కార్డులు పంపింది. 20 లక్షలకు పైగా జవాబులొచ్చాయి. లాండన్ అనే అభ్యర్థి గెలుస్తాడని రాసింది. తీరా చూస్తే 48 రాష్ట్రాల్లో 46 అతని ప్రత్యర్థి రూజ్‌వెల్ట్‌వి! చిరునామాలు ఎక్కువగా టెలిఫోన్ డైరెక్టరీల్లోంచీ, కార్ల రిజిస్ట్రేషన్లలోంచీ తీశారు మరి. ఆ కరువు రోజుల్లో ఫోనూ కారూ ఉన్నదెవరికి? అన్ని లక్షలమందిని అడిగినా అంతే సంగతులు, వీడెంత.

మా తాతయ్యయితే ఇలాంటివాళ్లని ఆడుకునేవాడు. ప్రచారం మొదలైతే చాలు, వాకిట్లో కుర్చీ వేసుకునేవాడు. ఒక పార్టీవాళ్లొచ్చి "పెద్దాయనా, మనకేగా?" అంటే "మనకే నాయనా". వాళ్లు మలుపు తిరగ్గానే అవతలి పార్టీ. అదే నవ్వు, అదే "మనకే". చెయ్యి తలమీద పెట్టి దీవించడం కూడా సమానమే. ఇండిపెండెంటుగా నిలబడ్డ కుర్రాడొస్తే కాస్త ఎక్కువసేపు దీవించాడు, ఎవరూ వెయ్యరని జాలి. లోపల్నించి నాయనమ్మ "సిగ్గు లేకపోతే సరి" అని సణుగుతుంటే "అడగడానికొచ్చారటే వాళ్లు? అనిపించుకుపోదామని వచ్చారు" అనేవాడు. చివరికి ఎవరికేశాడో ఆవిడకీ చెప్పలేదు. ఆ కోపం ఆవిడకి చాన్నాళ్లుంది.

అప్పట్లో నేనూ నాయనమ్మ పక్షమే. ఇప్పుడు కాదు. ఇంగ్లండులో 1872 దాకా ఓటరు అందరి ముందూ పేరు పైకి చెప్పాల్సిందే. దొర వింటుంటే కౌలుదారు ఇంకేం చెబుతాడు? రహస్య బ్యాలెట్ తెచ్చింది ఇలాంటి బాధలు పడలేకే. ఇన్నేళ్లకి మళ్లీ కండువాల మధ్య నిలబెట్టి పైకి చెప్పమంటే ఎలా? ఈ మైకులు అసలు ఉండకూడదనే రాద్దామని కూర్చున్నా.

కానీ ఒకావిడ మాట్లాడింది. చేతిలో ఖాళీ బిందె. "ఓట్ల సంగతి తర్వాత బాబూ, నీళ్లు అర్ధరాత్రి వదుల్తున్నారు, నిద్ర మానుకుని పట్టుకోవాలా?" అని అందుకుంది. జనం నవ్వు ఆపి విన్నారు, కండువాలు కూడా. ఆ కాసేపు మైకు ఉండబట్టే కదా విన్నారు? అదే మాట ఆఫీసుకెళ్లి చెబితే రేపు రమ్మంటారు. మైకుండటం తప్పు కాదేమోలే అనుకుంటున్నానా, వీడు "అది కాదమ్మా, ఓటెవరికో చెప్పండి" అని అడ్డొచ్చాడు! ఒళ్లు మండిపోయింది.

ఆవిడేమందో వినేలోపు బస్సొచ్చేసింది. ఆ ముక్క ఉంచాడో కోసేశాడో చూద్దామంటే ఛానెల్ పేరు చూసుకోలేదు. 'పబ్లిక్ టాక్' అని కొడితే అందరూ ఒకేలా అరుస్తున్నారు.