బరకం ముక్క

"నా కూరలు తడిస్తే ఏటవుతాది బాబూ? నీవి కాయితాలు కదా!"

అంటూనే ఆ మామ్మ తన బుట్ట మీది బరకం ముక్క లాగి నా ఫైలుకి చుట్టేసింది. ఆమదాలవలసలో రైలు దిగి, శ్రీకాకుళం వచ్చే షేర్ ఆటోలో చివరన కూర్చున్నాను. పక్క నుంచి ఒకటే జల్లు. ఫైల్లో నాన్న పింఛను కాగితాలు, అన్నీ ఒరిజినల్సే. నా టెన్షన్ మొహంలోనే కనపడిందేమో.

వద్దన్నా వినలేదు. తోటకూర కట్టల మీద చీర కొంగు కప్పింది. నిమిషంలో కొంగంతా తడిసిపోయింది. కూర తడిస్తే ఫర్వాలేదు, ఆ వయసు మనిషి తడవకూడదు కదా. ఆ మాట నాకు అప్పుడు తట్టలేదు.

మార్కెట్ దగ్గర దిగింది. బుట్ట నెత్తికెత్తడానికి ఒక చెయ్యి వేశాను, అంతే. బరకం ఇవ్వబోతే "ఇంటికెళ్లేదాకా ఉంచుకో నాయనా" అంది. పేరు కూడా అడగలేదు నేను.

ఏడు రోడ్ల జంక్షన్‌లో దిగి చూసుకుంటే ఒక్క కాగితం తడవలేదు.

ఇప్పుడు బరకం విప్పి దండెం మీద ఆరేశాను. మడతలో ఒక తోటకూర ఆకు అంటుకుని ఉంది. తియ్యబుద్ధి కాలేదు.

రేపు పొద్దున్నే మార్కెట్‌కి వెళ్లి వెతకాలి.