మూలనపడిన ఆయిల్ ఇంజను మళ్లీ నడిచింది

కరెంటు మోటారు వచ్చినప్పటి నుంచి మా బావి దగ్గర మూలనపడి ఉన్న ఆయిల్ ఇంజనును ఈ వేసవిలో మళ్లీ నడిపించాము. అది రాజ్‌కోట్‌లో తయారైన లిస్టర్ (బ్రిటన్ కంపెనీ) నమూనా ఇంజను. నిమిషానికి 650 చుట్లు మాత్రమే తిరుగుతుంది.

ఏళ్ల తరబడి కదలని ఇంజనుకు వెంటనే హ్యాండిల్ వేయడం మంచిది కాదు. పిస్టన్ రింగులు తుప్పుతో సిలిండరు గోడకు పట్టేసి ఉంటే, బలవంతం చేసినప్పుడు విరిగిపోతాయి. అందుకని సిలిండరులోకి డీజిలు చిమ్మే ఇంజెక్టరును విప్పి, ఆ రంధ్రంలో కాస్త డీజిలు పోసి నాననిచ్చి, తరువాత ఇంజను పక్కనుండే బరువైన చక్రాన్ని, అంటే ఫ్లైవీలును చేత్తో అటూ ఇటూ కదిపి, మిగిలిన డీజిలును బయటికి తిప్పేశాము. పొగగొట్టంలో కందిరీగలు కట్టిన మట్టిగూళ్లను చువ్వతో రాల్చాము. ఇంజనాయిలు, ఫిల్టరు మార్చడం మామూలు పనే.

అసలు ఓపిక కావలసింది డీజిలు గొట్టంలోని గాలి తీయడంలో. డీజిలు ఇంజనుకు స్పార్కు ప్లగ్గు ఉండదు. సిలిండరులో గాలి బాగా నొక్కుకుపోయి పుట్టిన వేడికే ఇంధనం అంటుకుంటుంది. డీజిలు గొట్టంలో బుడగ మిగిలితే, డీజిలు పంపు ఎంత కొట్టినా ఆ బుడగే కుంచించుకుపోతుంది తప్ప ఇంజెక్టరు తెరుచుకునేంత ఒత్తిడి రాదు. కాబట్టి మొదట ఫిల్టరు దగ్గరి స్క్రూను, ఆ తరువాత ఇంజెక్టరు దగ్గరి నట్టును వదులు చేసి, నురగ ఆగి డీజిలు నిండుగా కారేవరకు పంపు కొట్టాము. నట్టు బిగించి హ్యాండిల్ తిప్పుతుంటే ఇంజెక్టరు కిర్రుమంది. నా దృష్టిలో ఆ చప్పుడుకు మించిన పరీక్ష లేదు.

సిలిండరులో గాలి నొక్కుకోకుండా చేసి ఇంజనును తేలిగ్గా తిరగనిచ్చే డీకంప్రెషన్ లివరును ఎత్తిపట్టి, హ్యాండిల్ తిప్పి, ఫ్లైవీలు వేగం అందుకోగానే వదిలేశాము. తెల్లటి పొగ చిమ్మి, ఇంజను నిదానంగా దుడుకు దుడుకుమంటూ అందుకుంది. బెల్టు వేసి, నీళ్ల పంపులో ముందుగా నీళ్లు పోసి, సాయంత్రం దాకా మడికి నీరు పెట్టాము.