గోడ మీద నీటి గీత దాచకుండా సింగ్ నగర్ ఇల్లు అమ్మాం

2025 వేసవిలో విజయవాడ సింగ్ నగర్‌లో మా నాన్నగారు కట్టిన ఇల్లు అమ్మాం. అమ్మానాన్నలు లేరు, అన్నయ్య, అక్క, నేను ముగ్గురం వారసులం. ధర సంగతి ఎలా ఉన్నా, కొన్నవాళ్లతో మాట పట్టింపు రాకూడదన్నదే నా బెంగంతా. అడ్వాన్సు దగ్గర చెడి కోర్టు దాకా వెళ్లిన బేరాన్ని మా బంధువుల్లోనే చూశాను.

2024 సెప్టెంబరు 1న బుడమేరు వాగు పొంగినప్పుడు మా ఇంట్లోకి నడుము దాకా నీళ్లొచ్చి రోజుల తరబడి నిలిచిపోయాయి. తర్వాత ఇల్లంతా రంగులు వేయించాం గానీ, వెనక గదిలో ఇనుప బీరువా వెనకాల మాత్రం ఎవరూ చెయ్యి పెట్టలేదు. అక్కడ మట్టి రంగులో గీత అలాగే ఉంది, దాని కింద గోడ ఉబ్బిపోయి గోరు తగిలితే చాలు పొడిపొడిగా రాలేది. మధ్యవర్తి "బీరువా అక్కడే ఉంచండి, దాన్ని జరిపి చూసేదెవరు" అన్నాడు. అన్నయ్యకీ అదే నచ్చింది, నాకు మాత్రం మనసొప్పలేదు. ఇవాళ దాస్తే రేపు వానాకాలంలో ఆ గోడే చెబుతుంది, అప్పుడు వాళ్లు వచ్చి నిలదీస్తే ఏ మొహంతో మాట్లాడతాం? లాయరు గారిని అడిగితే, అమ్మేవాళ్లకి తెలిసి, కొనేవాళ్లు మామూలుగా చూస్తే కనపడని లోపం ఉంటే చెప్పి తీరాలని 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 55వ సెక్షన్‌లోనే ఉందన్నారు. అన్నయ్య ఇంకేం మాట్లాడలేదు.

చూడ్డానికి ఒక మాస్టారు, ఆయన భార్య, మామగారు వచ్చారు. వాళ్ల ముందే బీరువా జరిపించాను. మామగారు సంచిలోంచి టేపు తీసి నేల నుంచి గీత దాకా కొలిచారు, 3 అడుగుల 4 అంగుళాలు. కాసేపు ఎవరూ మాట్లాడలేదు. చివరికి మాస్టారి భార్య "మీరే చూపించారండీ, ఇంతకుముందు చూసిన ఇంట్లో మేమే కనిపెట్టాల్సొచ్చింది" అంది. గోడ బాగు చేయించుకోవడానికి 2 లక్షలు తగ్గించమన్నారు, తగ్గించి 60 లక్షలకు ఖాయం చేశాం.

అడ్వాన్సు ముట్టకముందే గుంటూరు నుంచి అక్కని పిలిపించి, ముగ్గురం సంతకాలు పెడతామని వాళ్ల ఎదుటే చెప్పించాను. ఇది ముందే చేసుకోండి, తర్వాత ఒక్కరు కాదన్నా రెండు వైపులా నలిగిపోతారు. ఇల్లు అమ్మేటప్పుడు 20 వేలు, ఆపైన నగదుగా తీసుకోకూడదని ఆదాయపన్ను చట్టంలో ఉంది కాబట్టి అడ్వాన్సు 6 లక్షలూ బ్యాంకులోనే వేయమన్నాం.

ఇంత చేసినా గొడవ రానే వచ్చింది. తలా 2 లక్షలు పడాల్సింది 1,98,000 పడేసరికి, అన్నయ్య లాయరు గారి వరండాలోనే "మొదటి రోజే కోతలు మొదలెట్టారా" అని గట్టిగా అనేశాడు. మాస్టారి మొహం మాడిపోయింది. ఆయన చేసింది సరైనదే. ఆస్తి ధర 50 లక్షలు, ఆపైన ఉంటే కొనేవాళ్లు ప్రతి చెల్లింపులో 1 శాతం టీడీఎస్, అంటే ముందే పట్టుకునే ఆదాయపన్ను, పట్టి మన పాన్ మీద ప్రభుత్వానికి కట్టాలి, రిటర్ను వేసినప్పుడు అది మన లెక్కలోకే వస్తుంది. ఆ ముక్క మేం ముందు మాట్లాడుకోకపోవడం వల్లే ఇంత టెన్షన్. అక్కడికక్కడే అగ్రిమెంటులో రాయించాం, మొత్తం మీద తలా 20 వేలు టీడీఎస్ కింద పట్టుకుంటారని, కట్టిన రసీదులు మాకివ్వాలని. అన్నయ్యే వెళ్లి మాస్టారి చెయ్యి పట్టుకుని "ఏమనుకోకండి మాస్టారూ" అన్నాడు.

మిగతావీ అందులోనే రాసుకున్నాం. మోటారు, గీజరు, ఫ్యాన్లు ఇంటితో పాటే, ఇన్వర్టరు మాది. రిజిస్ట్రేషన్ రోజు దాకా ఇంటి పన్ను, కరెంటు బిల్లు మావి. ఆషాఢం వస్తే పాలు పొంగించుకోవడం కుదరదని వాళ్లు తొందరపడ్డారు, మేం కూడా జూన్ మొదట్లోనే ఇల్లు ఖాళీ చేసేశాం.

తాళాలిచ్చే రోజు మాస్టారూ నేనూ కలిసే కరెంటు మీటరు ఫొటో తీసుకున్నాం. హాల్లో నాన్న ఉయ్యాల కొక్కేలు విప్పిస్తుంటే వాళ్ల చిన్నమ్మాయి ఉండనివ్వమంది. ఉయ్యాల బల్లతో సహా వదిలేసి వచ్చాం.