అమ్మ బాత్రూం తలుపు

కార్తీకమాసంలో అమ్మ బాత్రూంలో జారి పడింది. చిత్తూరు కట్టమంచిలో నాన్న కట్టించిన ఇల్లు. అమ్మకు 76, ఒక్కతే ఉంటుంది. ఎముకలు విరగలేదు, మోకాలు వాచిందంతే. పడటం కన్నా నన్ను ఎక్కువ భయపెట్టింది ఆ తలుపు.

అది లోపలికి తెరుచుకుంటుంది. అమ్మ సరిగ్గా దాని వెనకే, కాళ్లు అడ్డంగా పెట్టి పడిపోయింది. కేక విని ఎదురింటి అబ్బాయి పెరటి గోడ దూకి వచ్చాడు. గడియ ఊడింది గానీ తలుపు జానెడు కూడా జరగలేదు. గట్టిగా తోస్తే అమ్మకే తగులుతుంది. చివరికి వెంటిలేటర్ అద్దాలు ఒక్కొక్కటే లాగి లోపలికి దిగాడు. అంతసేపూ అమ్మ "అద్దాలు భద్రం నాయనా, మీ తాత మద్రాసు నుంచి తెచ్చినవి" అంటూనే ఉందట.

తిరుపతి నుంచి నేను బస్సు దిగేసరికి కాఫీ తాగుతోంది. నాతో వచ్చేయమన్నాను. "మీ మూడో అంతస్తులో నాకేం పని? ఇక్కడ కరివేపాకు చెట్టుకు నీళ్లెవరు పోస్తారు?" అంది. కెమెరా పెట్టిస్తానంటే "నేనేమన్నా బ్యాంకునా?" అంది. ఇక ఆ మాట ఎత్తలేదు.

మర్నాడు వడ్రంగిని పిలిచాను. "బాత్రూం తలుపు బయటికా? చూసేదానికి బాగుండదక్కా" అన్నాడు. దారబందం ఊడదీసి తిప్పి బిగించేసరికి ఒకటిన్నర రోజు పట్టింది. గడియ బదులు, బయటి నుంచి రూపాయి బిళ్లతో తిప్పినా తెరుచుకునే లాక్ పెట్టించాను.

అమ్మ ఇన్నేళ్లూ టవల్ రాడ్ పట్టుకునే లేస్తోందట! తడిబట్టల బరువుకు వేసిన రెండు చిన్న స్క్రూలవి. ఆ రోజు ఊడి చేతికొచ్చింది అదే. దాని చోట లావుపాటి స్టీలు పిడి, గోడలోకి లోతుగా బోల్టులతో వేయించాను. ప్లంబర్ తన ఎత్తు చూసుకుని గుర్తు పెట్టబోయాడు. ఆపి, అమ్మను కమోడ్ మూత మీద కూర్చోబెట్టి, లేచేటప్పుడు చెయ్యి ఎక్కడికి పోతుందో అక్కడ చాక్‌పీసుతో గీత గీశాను. అతను అనుకున్న దానికి మూరెడు కిందికి వచ్చింది.

బీపీ మాత్రలు వేసుకునేవాళ్లు మంచం మీంచి ఒక్కసారిగా లేస్తే బీపీ పడిపోయి కళ్లు తిరగొచ్చని డాక్టరు చెప్పారు. కాసేపు కూర్చుని లేవాలట. ఆ కాసేపటికి అమ్మ లెక్క పదకొండు గోవిందలు.

క్యాలెండర్ మీద 108, 14567 పెద్ద అంకెలతో రాశాను. రెండోది పెద్దవాళ్ల హెల్ప్‌లైన్. పెన్షన్ సంగతులు అడగడానికీ, ఎవరైనా ఇబ్బంది పెడితే చెప్పుకోవడానికీ. అంబులెన్స్‌కు మాత్రం 108కే చెయ్యాలి.

పైసా ఖర్చు లేని ఏర్పాటు ఇంకొకటుంది. పాలవాడు గేటుకు తగిలించే సంచి ఏడు దాటినా అక్కడే ఉంటే ఎదురింటి వదిన వచ్చి తలుపు కొట్టాలి. తాళంచెవి ఒకటి ఆమె దగ్గరుంది. పోయిన ఆదివారం అలాగే కొట్టిందట. అమ్మ హాయిగా నిద్రపోతోంది. "ఒక్కరోజు కూడా పడుకోనివ్వరా మీరు?" అని ఫోన్ చేసి నన్ను అరగంట తిట్టింది.