పెంకుటింట్లో వంటగది: పని ఎంతవరకు వచ్చిందంటే

జనవరి: కొలతలు, గోడ పరీక్ష

కోనసీమలోని మా పాత ఇంటి వంటగదిని కొత్తగా అమర్చే పని మొదలుపెట్టాను. వడ్రంగం నాకు సెలవురోజుల సరదా. తాపీ పని, పైకప్పు పని మాత్రం చేయి తిరిగినవాళ్లకే వదిలేశాను. ఇల్లు తాతయ్య 1950ల్లో కట్టించారు. 18 అంగుళాల ఇటుక గోడలు, గానుగ సున్నం, తాటి చేవ వాసాలు, బెంగుళూరు పెంకులు, ఎర్ర గచ్చు. 1996 నవంబరు తుపానుకు పెంకులు చాలావరకు ఎగిరిపోయాయి గానీ గోడ ఎక్కడా బీట వారలేదు. వంటగది ఆగ్నేయ మూల ఉంది. 12 అడుగుల పొడవు, 10 అడుగుల వెడల్పు. తూర్పు, దక్షిణం బయటి గోడలు. ఉత్తరాన పెరటి వసారా, పడమర భోజనాల గది.

విషయం తెలియగానే చుట్టాలందరూ ఒకే మాట అన్నారు: మాడ్యులర్ కిచెన్ పెట్టించెయ్. పట్నంలో నేనుండే ఫ్లాటులో ఉన్నది అదే, దానితో నాకు పేచీ లేదు. కానీ అది కాంక్రీటు స్తంభాల మధ్య పలచటి, పొడి గోడలకు పనికొచ్చే సరుకు. మా ఊళ్లో నాలుగడుగులు తవ్వితే నీళ్లు. వానాకాలంలో ఉప్పు డబ్బా మూత తీస్తే ఉప్పు కరిగి ఉంటుంది. అలాంటి చోట పార్టికల్ బోర్డు (చెక్కపొట్టును జిగురుతో అదిమి చేసిన పలక) పెట్టెలు గోడకు అంటించి బిగిస్తే రెండు వానాకాలాలకు అంచులు ఉబ్బుతాయి, వెనక బూజు పడుతుంది, ఆ వెనక ఏం జరుగుతున్నదో పెట్టె ఊడదీసేదాకా తెలియదు.

అందుకని ముందు చెమ్మ సంగతి తేల్చుకోవాలనుకున్నాను. ఖర్చులేని పరీక్ష ఒకటుంది. జానెడు చదరం పారదర్శకమైన ప్లాస్టిక్ కాగితాన్ని నాలుగు అంచులా టేపుతో గోడకు గట్టిగా అంటించి ఒకటి రెండు రోజులు వదిలేయాలి. నీటి బొట్లు గోడ వైపు పడితే చెమ్మ గోడలో ఉన్నట్టు. గది వైపు పడితే గాలిలోని తేమ చల్లటి గోడ మీద చేరుతున్నట్టు. నేల నుంచి అడుగు, మూడడుగులు, ఆరడుగుల ఎత్తుల్లో అంటించాను. కింది రెండింటికీ గోడ వైపే బొట్లు. ఆరడుగుల దగ్గర ఏమీ లేదు. అంటే నీళ్లు నేలలోంచి ఎక్కుతున్నాయి, పైకప్పు కారడం వల్ల కాదు. ఈ ఒక్క తేడా తెలియక జనం పైకప్పు మీద డబ్బు పోస్తారు.

ఫిబ్రవరి: సిమెంటు పూత తీసివేత

గోడ కింది నాలుగడుగులకు 1990ల్లో నాన్నగారు సిమెంటు పూత వేయించారు. ఆ రోజుల్లో ఊరంతా చేయించిన పనే. సుత్తి, ఉలి పెట్టి తట్టగానే పెచ్చులుగా ఊడి వచ్చింది. వెనక ఇటుక నల్లబడేంత తడిగా ఉంది, గోటితో గీస్తే ఎర్రపొడి రాలింది. పూత అంచుకు జానెడు పైన, సున్నపు గోడ మీద, ఈ చివర నుంచి ఆ చివరకు తెల్లటి చార. దగ్గరికి వెళ్లి చూస్తే అది ఉప్పు, సన్నటి నూగులా గోడలోంచి మొలిచింది. చీపురుతో దులిపితే పోతుంది, వారానికి మళ్లీ వస్తుంది.

కారణం తెలిసిందే. ఇటుక నీటిని పైకి పీలుస్తుంది. సున్నపు పూత ఉన్నంతకాలం ఆ నీరు గోడ పొడవునా కొంచెం కొంచెంగా ఆవిరైపోయేది. సిమెంటు ఆ దారి మూసేసింది. నీరు ఇంకా పైకి పాకి, మూత లేని చోట బయటపడి, తనతో తెచ్చిన ఉప్పును అక్కడ వదిలింది.

మేస్త్రి గారు చూసి, “వాటర్‌ప్రూఫ్ పౌడరు కలిపి మళ్లీ సిమెంటు కొట్టించేయండి బాబూ, పదేళ్లు తిరిగి చూడనక్కర్లేదు” అన్నారు.

“కిందినుంచి వచ్చే నీళ్లకు పైన మూత పెడితే ఎటు పోతాయండీ?”

కాసేపు గోడ మీద చెయ్యి పెట్టి చూసి, “మా నాన్న సున్నం పని చేసేవాడండి, నేను చిన్నప్పుడు తట్ట అందించేవాణ్ని” అన్నారు. అక్కడితో ఒప్పందం కుదిరింది. ఇలాంటి మేస్త్రి దొరకడం ఈ పనిలో సగం అదృష్టం. దొరకకపోతే సిమెంటు పూత తీసేసి గోడను ఊరికే ఆరనివ్వడం మేలు.

కుళ్లిన ఇటుకలు తీసి, పడగొట్టిన పాత ఇంటి నుంచి కొన్న ఇటుకలు కూర్చారు. గుల్ల సున్నం తెచ్చి డ్రమ్ములో నానబెట్టాం. ముందు నీళ్లు, తర్వాత సున్నం కొద్దికొద్దిగా. సున్నం మీద నీళ్లు కుమ్మరిస్తే చిమ్ముతుంది. కుతకుతలాడుతూ సెగలు కక్కుతుంది కాబట్టి కళ్లద్దాలు, చేతితొడుగులు తప్పనిసరి, పిల్లల్ని దగ్గరికి రానివ్వకూడదు. తర్వాత పైన రెండు అంగుళాల నీళ్లు నిలిచేలా మూసి ఉంచాలి. ఎంత నానితే అంత వెన్న.

మార్చి: పైకప్పు

సున్నం నానేలోగా పైన పని. కట్టెల పొయ్యి ఉన్నప్పుడు పొగపట్టి వాసాలు నల్లగా నిగనిగలాడేవి, పురుగు దరి చేరేది కాదు. గ్యాసు వచ్చాక పొగ పోయింది, పైకప్పులో పొగ పోవడానికి వదిలిన పొగగూడును రేకుతో మూసేశారు, మూల వాసం ఒకటి పురుగు తినేసింది. దాన్ని మార్చాం. మిగతావాటికి ఇత్తడి తీగల బ్రష్షుతో మసి దులిపి, బోరాక్స్ మూడు పాళ్లు, బోరిక్ యాసిడ్ రెండు పాళ్లు వేడినీళ్లలో కలిపి రెండు విడతలు పూశాం. నీళ్లు తగిలితే ఇది కొట్టుకుపోతుంది గనుక కారే పెంకులన్నీ ముందే సరిచేయాలి. జీడిగింజల పైతొక్కు నూనె పూయమని కొందరన్నారు. పడవలకు బాగుంటుందేమో గానీ చర్మాన్ని కాలుస్తుంది, పైగా పొయ్యికి పైన మండే సరుకు ఎందుకని మానేశాను.

ఫాల్స్ సీలింగు వద్దనుకున్నాను. ఈ గాలిలో జిప్సం పలకలు మరకలు పడతాయి, వాటికీ పెంకులకూ మధ్య ఎలుకలు కాపురం పెడతాయి. దానికి బదులు పొగగూడు రేకు తీసేసి, అరంగుళం కన్నుల స్టీలు వల బిగించాం. వేడిగాలి పైకి పోవడానికి పాతవాళ్లు చేసిన ఏర్పాటే ఇది. వంట గట్టు మీద వెలుతురు పడేలా రెండు గాజు పెంకులు వేయించాను. అమ్మ ఇప్పుడు పగలు లైటు వేయకుండానే బియ్యంలో రాళ్లు ఏరుతోంది. మూడోది కూడా వేయిద్దామనుకున్నాను గానీ ఎండాకాలం మధ్యాహ్నం ఆ కింద నిలబడి చూస్తే చాలనిపించింది.

ఏప్రిల్: కాలువలు కట్టేశాక

రబీ కోతలయ్యాక గోదావరి కాలువలు కట్టేస్తారు. ఊళ్లో బావుల్లో నీరు దిగుతుంది, గోడలూ ఆ రోజుల్లోనే కాస్త పొడిబారతాయి. పూతకు ఇంతకు మించిన అదను లేదు. ఇబ్బందల్లా వడగాలి. సున్నం సిమెంటులా గట్టిపడదు, గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకుని నిదానంగా రాయి అవుతుంది, దానికి పూతలో తడి ఉండాలి. కిటికీలకు తడి గోనెపట్టాలు కట్టి, పొద్దునా సాయంత్రం గోడ మీద నీళ్లు చిలకరించాం.

మొదటి పూతకు సున్నం ఒక పాలు, ఇసుక రెండు, జల్లించిన ఇటుక పొడి ఒకటి. ఇసుక గోదావరిదే వాడాలి. సముద్రం పాయల ఇసుక చవకగా దొరుకుతుంది గానీ, తీసేసిన ఉప్పును మళ్లీ గోడలో పెట్టుకున్నట్టే. ఒక్కో పూత అరంగుళం మించకూడదు. బొటనవేలితో నొక్కితే దిగకుండా, గోటితో గీస్తే గీత పడే దశకు వచ్చాక రెండో పూత. చివరి పూతలో కరక్కాయలు, బెల్లం నానబెట్టిన నీళ్లు కలిపారు. ఇల్లంతా నాలుగు రోజులు పానకం వాసన. పైన రంగు సున్నపు వెల్లే. ప్లాస్టిక్ ఎమల్షన్ వేస్తే ఇంత శ్రమా బూడిదలో పోసినట్టే.

మరి పోపు చిట్లి నూనె పడే చోట? టైల్సు అంటిస్తే అది మళ్లీ మూతే. పొయ్యి వెనక రెండడుగుల ఎత్తు 304 రకం స్టీలు రేకును గోడకు వేలెడు ఎడంగా ఇత్తడి కొక్కేలకు తగిలించాం. వారానికోసారి ఎత్తి పెరట్లో తోమేసుకోవచ్చు. చూడ్డానికి టిఫిను హోటలులా ఉందని మా ఆవిడ విసుక్కుంది. నాకు హోటలు వంటగదులంటే గౌరవమే.

మే: గట్టు, గాలి

గట్టు ఎత్తు కోసం అమ్మను నిలబెట్టి మోచెయ్యి వంచమన్నాను. నేల నుంచి మోచేతికి 38 అంగుళాలు. అందులో ఐదంగుళాలు తీసేస్తే గట్టు 33. దుకాణాల్లో చెప్పే 34, 36 మనకు కాదు, పొయ్యి ఎత్తు కూడా పైన కలుస్తుంది. సింకు దగ్గర మాత్రం 35 పెట్టాం, గిన్నె అడుగు తోమేటప్పుడు నడుము వంగకుండా.

పైన చీమకుర్తి నల్ల గ్రానైటు, కింద అడ్డగోడలకు కడప బండలు. పలక వెనక అంచును గోడలో పొదగలేదు, అరంగుళం వదిలి అక్కడ సున్నమే కూరాం. ముందు అంచు కింద సన్నటి గాడి కోయించాను. పొర్లిన నీరు ఆ గాడి దగ్గర ఆగి కిందికి చుక్కలుగా పడుతుంది, అరల్లోకి పాకదు. గ్రానైటు కోసేవాళ్లకు ముందే చెప్పాలి, బిగించాక కోయడం నరకం. అరల అడుగు నేలకు ఆరంగుళాల ఎత్తున ఉంది. చీపురు దూరాలి, వానకు పెరటి నీళ్లు లోపలికి వచ్చినా అరలకు అందకూడదు.

అసలు తగాదా పొయ్యి చోటు దగ్గర వచ్చింది. అమ్మకు పొయ్యి ఆగ్నేయంలోనే ఉండాలి, తూర్పు ముఖంగా వండాలి. మధ్యాహ్నం సముద్రపు గాలి దక్షిణపు కిటికీలోంచి సరిగ్గా ఆ మూలకే తగిలి మంటను ఆర్పేస్తుంది. అగరువత్తి వెలిగించి గది నాలుగు మూలలా పొగ ఎటు పోతుందో చూశాను. కిటికీ కింది రెక్కలు మూసి పై రెక్కలు మాత్రం తెరిస్తే గాలి తల మీదుగా పోయి, పొగను ఉత్తరం వైపు తోస్తున్నది. పాత కిటికీలకు నాలుగు రెక్కలు పెట్టడంలోని తెలివి ఇదే. పొయ్యిని తూర్పు గోడ వెంట, దక్షిణపు మూలకు నాలుగడుగులు ఇవతల పెట్టాం. మూల నుంచి లెక్కపెడితే ఆగ్నేయమే అని అమ్మ కూడా సరే అంది.

ఉత్తరపు గోడలో ఎత్తున ఎగ్జాస్ట్ ఫ్యాను, వేపుళ్ల రోజులకు. గది సుమారు 41 ఘనమీటర్లు. వండేటప్పుడు గంటకు ఇరవైసార్లు గాలి మారాలనుకుంటే 800 ఘనమీటర్ల పైచిలుకు లాగే ఫ్యాను కావాలి. డబ్బా మీద ఆ అంకె చూసి కొనాలి, రెక్కల సైజు చూసి కాదు. వేల రూపాయల చిమ్నీని ఈ ఉప్పుగాలిలో పెట్టి ఏడాదికోసారి మోటారుకు వైద్యం చేయించే ఓపిక నాకు లేదు.

సిలిండరు గట్టు కిందే. గ్యాసు గాలికన్నా బరువు, కారితే నేలకు దిగుతుంది. అందుకే తూర్పు గోడలో గచ్చుకు సమానంగా వల బిగించిన కన్నం ఒకటి పెట్టించాను. గట్టు కింద చెమ్మ ఆరడానికీ అదే దారి. పొయ్యి ఎప్పుడూ సిలిండరుకు పైఎత్తునే ఉండాలి. రబ్బరు గొట్టం మీద ముద్రించిన తేదీ చూసి ఐదేళ్లకు మార్చాలి. మా ఇంట్లో ఉన్నదాని మీద అంకెలు అరిగిపోయి ఉన్నాయి, ఆ రోజే మార్చేశాం.

జూన్: తలుపులు, మిగిలినవి

అరల తలుపులు నా వాటా. అటక మీద పడి ఉన్న పాత టేకు తలుపులు చీల్చి చట్రాలు చేశాను. మధ్యలో బల్ల కాకుండా వాలుగా సన్నటి రెక్కలు, లోపలికి గాలి ఆడేందుకు. ఒక్కో రెక్కకు గాడి తీయడమే పెద్ద పని. అందుకే ముందు రెక్క మందానికి సరిపడే కంత ఉన్న అచ్చు చెక్క ఒకటి చేసుకుని, దాన్ని చట్రం మీద జరుపుతూ ఉలితో తీశాను. మడతబందులు, మరలు అన్నీ ఇత్తడివి. ఇనుప మర తుప్పుపట్టడమే కాదు, టేకు చుట్టూ నల్లటి మరక వదులుతుంది. ప్లైవుడ్డు ఒక్క చోటే వాడాను, సొరుగుల అడుగులకు. ఐఎస్ 710 ముద్ర ఉన్న, నీటిని తట్టుకునే మెరైన్ రకం, కోసిన అంచులన్నింటికీ రెండు పూతలు వార్నిషు. అంచు వదిలేస్తే ఎంత మంచి ప్లైవుడ్డయినా నీళ్లు తాగుతుంది.

రుబ్బురోలు తీసేద్దామని ఎవరూ అనలేదు, దాన్ని కదిపేవాళ్లు లేరు గనుక. దాని చుట్టూనే సింకు కాలువకు వాలు కుదిర్చాం.

మృగశిర కార్తె వచ్చేసింది, ఇంకా కరెంటు పని మిగిలింది. చెక్క పట్టీల మీది పాత వైర్లు పూర్తిగా తీసేయాలి. కొత్త పూతలో గాళ్లు కొట్టే ప్రశ్నే లేదు, పైపులు గోడ పైనే కనబడేలా పోతాయి. మిక్సీ, ఫ్రిజ్, గ్రైండరు దేనికి దానికి వేరే సాకెట్టు, 16 ఆంపియర్ల వాటికి 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు, సింకు నుంచి మూడడుగుల దూరం. అన్నింటికీ ముందు 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ, అంటే కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే స్విచ్చు. ఎర్తింగు గుంట కాలువలు వదలకముందు, నేల పొడిగా ఉన్నప్పుడే పరీక్షించమని ఎలక్ట్రీషియనుకు చెప్పాను. అప్పుడు సరిపోతే వానాకాలంలో సరిపోకపోవడం ఉండదు. ఆయన గురువారం వస్తానన్నారు. ఆ తర్వాత ప్లాస్టిక్ కాగితాలు మళ్లీ అవే మూడు ఎత్తుల్లో అంటించి చూడాలి, శ్రావణంలో ఒకసారి, కార్తీకంలో ఒకసారి.