ఒంటరిగా కనూ: ఒకే పక్క తెడ్డు వేస్తూ తిన్నగా నడపడం (నా అనుభవం)

ఇద్దరు ఎక్కే కనూని (తెడ్డుతో నడిపే సన్నటి తేలిక పడవని) ఒక్కరే నడిపేటప్పుడు ముందు సరిచేసుకోవాల్సింది కూర్చునే చోటు. వెనక సీట్లో కూర్చుంటే పడవ ముక్కు (ముందు కొస) పైకి లేస్తుంది, కాస్త గాలికే పక్కకి కొట్టుకుపోతుంది. అందుకే నేను ముందు సీటు మీద వెనక కొసకి మొహం పెట్టి కూర్చుని, పడవని అటువైపే నడుపుతాను. బరువు నడుమకి దగ్గరౌతుంది. మోకాళ్లు ఎడంగా పెట్టి మడిచిన చాప మీద ఆనిస్తే పడవ ఊగదు.

కుడి పక్క తెడ్డు వేస్తే ముక్కు ఎడమకి పోతుంది. దాన్ని సరిదిద్దేది వేటు (తెడ్డుని ఒకసారి నీట్లో ముంచి లాగడం) చివరి జానెడే. తెడ్డు పలకని మోకాలికి ముందు పూర్తిగా ముంచి, పడవ అంచు పక్కనే తిన్నగా వెనక్కి లాగాలి. పై చెయ్యి కూడా అంచు దాటి నీటి మీదే ఉండాలి. లోపలే ఉంటే కర్ర వాలిపోయి, ముక్కు ఇంకా ఎక్కువ తిరుగుతుంది. తెడ్డు తుంటి దగ్గరికి రాగానే పై చేతి బొటనవేలు కిందికి తిప్పాలి. అప్పటిదాకా నీటిని లాగిన పలక ముఖమే బయటివైపు తిరుగుతుంది, దాంతోనే కొద్దిగా బయటికి నెట్టాలి. బొటనవేలు పైకి తిరిగిందా, రెండో ముఖం నెడుతుంది: దారి తప్పదు గానీ ప్రతి వేటుకీ పడవ వేగం చస్తుంది. మన కాలువల బురదనీళ్లలో పలక కనపడదు కాబట్టి నేను బొటనవేలినే చూసుకుంటాను.

సాధనకి కోనసీమ కాలువల్లో నీరు నెమ్మదిగా పారే చోటే మేలు. దూరంగా ఒక కొబ్బరిచెట్టుని గురి పెట్టుకుని ఒకే పక్క వేస్తూ పోవాలి. నిలిచిన పడవ మొదటి వేటుకే ఎక్కువ తిరుగుతుంది, అందుకే మొదటి రెండు మూడు వేట్లూ మెల్లగా వేస్తాను. గుర్రపుడెక్క తగిలితే వెనక్కి గుంజకూడదు, పలకని అంచువారగా పక్కకి తప్పించాలి. ఈ కాలువలు పడవల రాకపోకలకి కూడా తవ్వినవి కాబట్టి లాకులు (నీటి మట్టం మార్చి పడవల్ని దాటించే తలుపుల కట్టడాలు) ఉంటాయి. తలుపుల దగ్గర నీరు లాగుతుంది, చాలా ముందే గట్టు పట్టాలి.

మధ్యాహ్నం సముద్రపు గాలి లేస్తుంది. దానికి ఎదురు పోవాలంటే మోకాళ్ల మీదే ఒక అడుగు ముందుకి జరగాలి, ముక్కు దిగి గాలికి దొరకదు. యానాం దిగువన గోదావరి పాయ గౌతమిలోనైతే గాలికి తోడు ఆటుపోటు. పోటు ఎక్కేటప్పుడు ఎగువకి, ఆటు మొదలయ్యాక దిగువకి పోయేలా వేళ చూసుకోవాలి. లైఫ్ జాకెట్ లేకుండా అక్కడ దిగొద్దు.